మడ్‌గార్డ్ మీద పడని రజను

అలోయిస్ బాడర్ రిపేర్ గొయ్యిలో వెల్లకిలా పడి ఉన్నాడు. ప్రాణం లేదు.

శనివారం ఉదయం ఏడు ఇరవై. రోట్‌బాహ్ కార్ల మ్యూజియం.

గొయ్యి పక్కనే కారు. మామూలు కారు కాదు, రోట్‌బాహ్ నంబర్ వన్. 1911లో విల్‌హెల్మ్ రోట్‌బాహ్ ఎవరి సాయమూ లేకుండా ఒంటిచేత్తో తయారు చేశాడని వైడెన్‌టాల్ ఊళ్ళో పసిపిల్లలు కూడా చెప్పే కారు. దాని బానెట్ ఎడమ రెక్క పైకి లేచి ఉంది. లోపల ఇంజన్‌ను ఎవరో సమ్మెటతో చితక్కొట్టారు. పోత ఇనుము పెంకులు నేలంతా చెదిరాయి. వాటి చుట్టూ నల్లటి రజను. సమ్మెట గొయ్యిలో, అలోయిస్ కాళ్ళ దగ్గర దొరికింది.

ఇన్‌స్పెక్టర్ ఇర్మా కీఫర్ గొయ్యి అంచున గొంతుక్కూర్చుంది. అలోయిస్‌ను ఆమె చిన్ననాటి నుంచీ ఎరుగును. ఫ్యాక్టరీ గేటు దగ్గర నాన్న కోసం ఎదురు చూస్తుంటే జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చేవాడు. గేటు కాపలా అయిపోయాక మ్యూజియం కాపలా. ఒకరి జోలికి పోయే మనిషి కాదు.

"ఎప్పుడు జరిగింది డాక్టర్?"

"నిన్న సాయంత్రం. ఏడుకీ ఎనిమిదికీ మధ్య."

"సమ్మెట దెబ్బేనా?"

"కాదు. వెనక్కి తూలి పడ్డాడు. తల గొయ్యి మెట్టుకి కొట్టుకుంది."

"పడగానే పోయాడా?"

డాక్టర్ గ్లవ్స్ విప్పాడు.

"లేదు. అరగంటైనా ఊపిరి ఉండుంటుంది. ఎవరైనా ఫోన్ చేసుంటే ఈపాటికి ఆసుపత్రిలో కూర్చుని కాఫీ తాగుతుండేవాడు."

ఇర్మా ఇంకోసారి గొయ్యిలోకి చూసింది.

గోడ దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు డాక్టర్ హెనింగ్ ప్రెల్, మ్యూజియం డైరెక్టర్. హనోవర్ నుంచి వచ్చి నాలుగేళ్ళయింది. శవాన్ని మొదట చూసింది ఆయనే. రెండోవాడు గోట్‌లోబ్ రెంచ్లర్, నంబర్ వన్‌కి మెకానిక్. వయసు డెబ్భై దాటింది. రిటైరైనా ఇంటి దగ్గర ఉండలేక ఆ కారు కోసమే రోజూ వచ్చేవాడు. ఇర్మా నాన్నకు పని నేర్పిన గురువు. మనిషి ఒక్క రాత్రిలో పీక్కుపోయాడు.

"ఇంజన్ ఎందుకు పగలగొట్టారంటారు?" ఇర్మా ప్రెల్‌ను అడిగింది.

"ఎందుకేమిటండీ? సోమవారం కంపెనీ కొనడానికి కొరియా వాళ్ళు వస్తున్నారని ఊరంతా తెలుసు! అది చెడగొట్టాలని!"

అది ఇర్మాకు వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు రోట్‌బాహ్ తలుపు వేస్తే వచ్చే మెత్తని చప్పుడు విని జనం బేరమాడకుండా కొనేవారు. లిస్బన్‌లో, కైరోలో టాక్సీవాళ్ళు ఆ కారును కొడుక్కి ఆస్తిగా ఇచ్చి పోయేవారు. రెండేళ్ళ కిందట బ్రేకులు ఫెయిలయ్యాయి. మనుషులు చచ్చిపోయారు. లోపం కంపెనీకి ముందే తెలుసని బయటపడింది. ఇక చూడాలి ఆ పరువు! కార్టూన్లలో రోట్‌బాహ్ బొమ్మ పక్కన శవపేటిక బొమ్మ వేశారు. షిఫ్టులు ఆగిపోయాయి. ముందు ఇనుము పోతపోసే ఫౌండ్రీ మూసేశారు. మిగిలిన ఫ్యాక్టరీ ఆ కొరియా బేరం మీదే వేలాడుతోంది. వాళ్ళు కొంటున్నది షెడ్లను కాదు, విల్‌హెల్మ్ రోట్‌బాహ్ కథను. అందుకే సోమవారం వాళ్ళ నిపుణుడు నంబర్ వన్ ఇంజన్ విప్పి, లోపలంతా ఫిల్ము తీస్తాడట.

"మీరు నిన్న ఎన్నింటికి వెళ్ళారు?"

"ఆరుకి. తాళాలతో అలోయిస్ లోపల కాపలా ఉన్నాడు."

"ఇంకెవరి దగ్గరున్నాయి తాళాలు?"

"నా దగ్గర. గోట్‌లోబ్ గారి దగ్గర."

"మీరు, మామా?"

గోట్‌లోబ్ గొయ్యి వైపు చూడకుండా జవాబిచ్చాడు. "ఐదున్నరకే ఇంటికి పోయానమ్మా. తలనొప్పిగా ఉంటే పడుకున్నాను."

"అలోయిస్‌తో గొడవలేమన్నా..."

"నలభయ్యేళ్ళుగా గురువారం గురువారం పేకాడుకున్నాం ఇర్మా. వాడు తొండి చేసేవాడు, నేను తిట్టేవాణ్ణి. అంతే."

ఇర్మా లేచి గోడ వెంట నడిచింది. పనిముట్ల పక్కన కొక్కేనికి బూడిదరంగు ఉన్ని దుప్పటి ఒకటి వేలాడుతోంది. దాటి పోతుంటే చెయ్యి తగిలింది. చల్లగా, తడిగా ఉంది.

"ఇదేంటి?" అంది ప్రెల్‌తో.

"అదా? పాత వర్క్‌షాప్‌లో ఉండేదట. అలంకారం కోసం తగిలించాం."

అంతలో ఎస్సై బెర్న్‌ట్ పరుగున వచ్చాడు. "మేడమ్! వీధి కెమెరాలో దొరికాడు!"

తెర మీద ఒక మనిషి మ్యూజియం కిటికీ మీదికి రాయి విసిరి పారిపోతున్నాడు. టైమ్ 7:21. ముఖం స్పష్టంగా పడింది. డ్రాగన్ ఇలిచ్. ఫౌండ్రీ మూసినప్పుడు ఉద్యోగం పోయినవాడు. నెల కిందట గేటు ముందు నిలబడి, "మీ నంబర్ వన్‌ని తుక్కు కింద కొడతా!" అని అరిచినవాడు.

సమ్మెట పిడి మీద ఫౌండ్రీ ముద్ర ఉంది.

ఇంకేం కావాలి?

*

"రాయి విసిరాను. అవును, విసిరాను! అంతే, లోపలికి పోలేదు!" స్టేషన్‌లో డ్రాగన్ అరిచాడు.

"సమ్మెట?"

"నాది కాదు. ఫౌండ్రీ షెడ్డులో అలాంటివి బోలెడు పడున్నాయి. ఎవరైనా తీసుకోవచ్చు."

"తర్వాత ఎక్కడికి పోయావ్?"

"ఏటి ఒడ్డుకి. కార్లో కూర్చుని తాగాను."

"ఎవరన్నా చూశారా?"

డ్రాగన్ తల అడ్డంగా ఊపాడు. బండ చేతులు. వేళ్ళ మీద పాత నిప్పురవ్వల మచ్చలు. ఆ చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు.

"మేడమ్, అలోయిస్ తాత నాకు శత్రువా? మా నాన్న ఈ ఊరొచ్చిన కొత్తలో భాష రాకపోతే గేటు దగ్గర ఆయనే మాటలు నేర్పాడు. ఆయన్ని నేను గొయ్యిలో వదిలేసి పోతానా?"

"గేటు ముందు అలా ఎందుకరిచావ్ మరి?"

"కడుపు మండి అరిచాను! మీకు మండదా? మండితే మీరు నోరు మూసుకుంటారా?"

బయట వరండాలో అతని భార్య మిర్యానా నిలబడి ఉంది. ఇర్మా కనిపించగానే చెయ్యి పట్టేసుకుంది.

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఆయనకి కోపమెక్కువ, నిజమే. గిన్నెలు పగలగొడతాడు. మళ్ళీ కూర్చుని ఆయనే అతికిస్తాడు. మనిషిని చంపేవాడు కాదు. జైల్లో పెట్టి, అటునుంచటే మా దేశానికి తోలేస్తారంట కదా? నాలుగేళ్ళ పిల్లాడిగా వచ్చినవాడమ్మా. అక్కడ ఆయనకి ఎవరున్నారు?"

ఇర్మా చెయ్యి విడిపించుకోలేదు. పొద్దున్నే అతనికి బేడీలు వేసింది తనే.

ఫోన్ మోగింది. పబ్లిక్ ప్రాసిక్యూటర్.

"దొరికాడటగా! మూడు గంటలకి జడ్జి ముందు పెట్టేద్దాం."

"ఇంకొంచెం టైమ్ కావాలి సార్. నాకెందుకో..."

"ఎందుకో ఏంటమ్మా? కంపెనీ వాళ్ళు, మేయరు, అందరూ నా ప్రాణం తోడేస్తున్నారు. పిచ్చి కోపంతో పనివాడొకడు పగలగొట్టాడంటే కొరియా వాళ్ళు అర్థం చేసుకుంటారట. మిస్టరీ అంటే విమానమే ఎక్కరట. మూడింటికి. తెలిసిందా?"

*

ఇర్మా కారు తీసింది. ఎక్కడికో తెలియదు. స్టేషన్‌లో మిర్యానా కళ్ళలోకి మళ్ళీ చూసే ధైర్యం లేక బయటపడింది, అంతే.

శనివారం కదా! వైడెన్‌టాల్ మగాళ్ళంతా వీధిలోనే ఉన్నారు. ఉద్యోగాలు పోయాయి, ఇళ్ళు అమ్మకానికొచ్చాయి, అయినా బక్కెట్లు పట్టుకుని కార్లు కడుగుతూనే ఉన్నారు. ఇంటి ముందు మురికి కారుతో ఆదివారం తెల్లవారితే ఆ ఊళ్ళో తలెత్తుకోలేరు. ఎదురింటావిడ వారం పాటు దెప్పుతుంది.

మలుపు దగ్గర ఒక ముసలాయన ఇంజన్‌లో నూనె చూసుకోబోతున్నాడు. బానెట్ తెరిచాడు. ఆగాడు. డిక్కీలోంచి బూడిదరంగు ఉన్ని దుప్పటి తీసి మడ్‌గార్డ్ మీద పరిచాడు. రెండు చేతులతో సర్దాడు. అప్పుడు వంగాడు.

ఇర్మా కాలు బ్రేక్ మీద పడింది. వెనక కారువాడు హారన్ కొట్టి ఏదో తిట్టాడు. ఆమెకు వినబడలేదు.

నాన్న గుర్తొచ్చాడు. ఆయన కార్లు బిగించే అసెంబ్లీ షాప్‌లో అడుగుపెట్టిన మొదటి రోజు దుప్పటి పరచకుండా ఇంజన్ మీదికి వంగితే గోట్‌లోబ్ చెవి మెలేశాడట. రంగు మీద గీత పడితే మళ్ళీ పుట్టించలేవురా అన్నాడట. ఆ మాట నాన్న చచ్చేదాకా చెప్పాడు. దుప్పటి ఉతకడం ఇంకో తతంగం. ఇనప రజను ఒక్క రవ్వ అందులో ఉండిపోయినా మళ్ళీసారి రంగు గీసుకుపోతుంది. అందుకని అప్పటికప్పుడే ఉతకాలి. మిషన్‌లో వెయ్యకూడదు. చన్నీళ్ళలో చేత్తో నొక్కి నొక్కి, నీళ్ళలో నలుసు కనబడనంతవరకూ జాడించాలి. పిండేటప్పుడు రెండో కొస తనే పట్టుకునేది. ఎంతసేపు పట్టేదో ఇర్మా చేతులకి ఇప్పటికీ తెలుసు.

బండి వెనక్కి తిప్పింది.

మ్యూజియంలో టార్చ్ తీసుకుని నంబర్ వన్ ఎడమ మడ్‌గార్డ్ మీదికి వంగింది. పొద్దున్నుంచీ అందరూ పగిలినదాన్నే చూశారు. ఫోరెన్సిక్ వాళ్ళూ, తనూ కూడా. పగలనిదాని వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు.

కుడి మడ్‌గార్డ్ మీద నల్లటి రజను ఉంది. సీటు మీద, దీపాల మీద ఉంది. ఎడమ మడ్‌గార్డ్ సమ్మెట పడిన చోటికి జానెడు దూరం. దాని మీద పలకలా నాలుగు అంచులు తీరిన ఒక శుభ్రమైన చోటు ఉంది. ఒక్క గీత లేదు. ఆ అంచు దాటగానే రజను దట్టంగా ఉంది.

ఇర్మా మెల్లగా నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ పని చేసినవాడెవడో తెలిసిపోయింది. తెలియకపోతే బాగుండుననిపించింది.

*

రెండు గంటలు. మ్యూజియం హాలు. ప్రెల్ వాచీ చూసుకుంటున్నాడు. గోట్‌లోబ్ కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. బెర్న్‌ట్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నిన్న ఇక్కడికొచ్చినవాడు ఇంజన్‌ని చంపడానికొచ్చాడు," ఇర్మా మొదలుపెట్టింది. "సమ్మెట ఎత్తేముందు ఏం చేశాడో తెలుసా? మడ్‌గార్డ్ మీద దుప్పటి పరిచాడు."

"దుప్పటా? ఎందుకు?" ప్రెల్ అడిగాడు.

"రంగు మీద గీత పడకుండా."

"నాశనం చెయ్యడానికొచ్చినవాడు గీత పడుతుందని చూస్తాడా? మీకేమన్నా మతి పోయిందా మేడమ్?"

"మీరు ఇక్కడ పుట్టి పెరగలేదు సార్. ఆ దుప్పటి ఎందుకో కూడా మీకు తెలీదు. అలంకారమన్నారు. కాబట్టి మీరు కాదు."

గోట్‌లోబ్ నోరు విప్పాడు. "డ్రాగన్ కూడా ఫ్యాక్టరీవాడేగా ఇర్మా."

"ఫౌండ్రీవాడు మామా. అక్కడ రంగెక్కడిది, దుప్పటెక్కడిది? అసెంబ్లీవాళ్ళని 'దుప్పటిగాళ్ళు' అని ఏడిపించేది వాళ్ళేగా. కారు మీద కసితో వచ్చుంటే డ్రాగన్ మొదటి దెబ్బ ఎక్కడ వేసేవాడు? ఆ నిగనిగలాడే రంగు మీద. లోపల కనబడని ఇనుము మీద వెయ్యడు."

గోట్‌లోబ్ చేతులు మోకాళ్ళ మీద బిగుసుకున్నాయి.

"ఆ దుప్పటి పొద్దున తడిగా ఉంది. ఇనప రజను నిండిన దుప్పటిని ఈ కారు దగ్గర వదిలిపోలేక ఉతికి ఆరేసినవాడు ఎవడు? తాళాలున్నవాడు ఎవడు? నేను చెప్పాలా, మీరు చెబుతారా?"

గోట్‌లోబ్ కుర్చీ పక్కనున్న సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"అది చెరిపేద్దామనుకున్నానమ్మా," అన్నాడు గోట్‌లోబ్ చివరికి. "ఆకురాయితో. కానీ కొత్త గీతలు నిపుణుడికి తెలిసిపోతాయి. అందుకని..."

"ఏది చెరిపేద్దామని?"

"పారెయ్యడానికి చెయ్యి రాలేదు," అంటూ ముసలాయన సంచిలోంచి టిఫిన్ డబ్బా తీశాడు. మూత తీస్తే బ్రెడ్డుకి బదులు మెత్తటి బట్టలో చుట్టిన ఇనప పెంకు ఉంది. లోపలి వైపు పోతలోనే ఉబ్బెత్తుగా అక్షరాలు ఉన్నాయి.

యాకోబ్ రోజెనావ్ చేసినది. 1911.

ప్రెల్ ముందుకు వంగి చదివి నిలువునా నీరైపోయాడు.

"ముప్పయ్యేళ్ళ కిందట ఇంజన్ విప్పినప్పుడు చూశాను," గోట్‌లోబ్ చెప్పాడు. "అప్పటి డైరెక్టర్‌కి చూపించాను. తలుపేసి చెప్పాడు. ఇంజన్ గీసిందీ, పోత పోసిందీ రోజెనావ్ అట. విల్‌హెల్మ్ గారి భాగస్వామి, యూదుడు. నాజీల కాలంలో, ముప్ఫై ఎనిమిదిలో ఆయన వాటా లాక్కుని, కొన్నాళ్ళకి పెళ్ళాం బిడ్డలతో సహా శిబిరాలకి రైలెక్కించి పంపేశారట. తర్వాత ఆ పేరు ఎక్కడా ఉంచలేదు. ఇక్కడొక్కటే మిగిలింది. ఇంకెవరినీ ఇంజన్ విప్పనివ్వకు అన్నాడు. నేను విప్పనివ్వలేదు. ఇప్పుడు సోమవారం కెమెరా పెడతామంటే వద్దని ఈయన కాళ్ళు పట్టుకున్నాను. విన్నాడా?"

"కారణం చెప్పారా మీరు?" ప్రెల్ అడిగాడు.

"చెబితే ఆ కథ ఉంటుందా? బ్రేకులతో పరువు పోయింది. ఇక మిగిలింది ఈ కారే. ఇదీ అబద్ధమంటే ఎవడు కొంటాడు? ఊరు ఊరంతా ఏమైపోతుంది? ఫౌండ్రీ షెడ్డులోంచి సమ్మెట తెచ్చుకుని నేను లోపల ఉండగానే డ్రాగన్ కిటికీ పగలగొట్టి పోయాడు. ఆ గోలలో అలోయిస్ బయటికి పోతాడు, నా చప్పుడు వినబడదనుకున్నా. అలోయిస్ వచ్చాడు. నా చేతిలో సమ్మెట చూసి బిత్తరపోయాడు. 'ఓరి గోట్‌లోబూ, నీకు పిచ్చిగానీ పట్టిందా' అంటూ వెనక్కి అడుగేశాడు. నేను తొయ్యలేదు ఇర్మా! మీ నాన్న మీద ఒట్టు. తొయ్యలేదు."

"తెలుసు మామా."

"గొయ్యి ఉందని వాడు మర్చిపోయాడు."

"తెలుసు." ఇర్మా అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఒక్కటి చెప్పండి. ఆ దుప్పటి ఉతకడానికి ఎంతసేపు పట్టింది?"

గోట్‌లోబ్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

"మా ఇంట్లో అరగంట పట్టేది. మీరు నేర్పిన పద్ధతే. అలోయిస్‌కి ఊపిరి ఉన్నదీ అరగంటేనట."

ముసలాయన ముందుకు వాలిపోయాడు. రెండు చేతుల్లో ముఖం దాచుకుని పెద్దగా ఏడ్చాడు. "మూలుగుతున్నాడమ్మా," అన్నాడు ఏడుపులోనే. "కుళాయి తిప్పితే వినబడలేదు."

బెర్న్‌ట్ తల తిప్పుకున్నాడు.

ప్రెల్ ముందుగా తేరుకున్నాడు. ఇర్మా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "మేడమ్, ఈయన నేరం ఒప్పుకున్నాడు, మంచిది. ముసలితనం, మతి చలించిందని రాయండి. ఆ పెంకు మాత్రం... అది అవసరమా? సోమవారం గడిచిపోనివ్వండి. ఊరి కోసం."

ఇర్మా పెంకును బట్టతో సహా తీసుకుంది. "ఇది ఎవిడెన్స్ సార్. రిపోర్ట్‌లో పేరుతో సహా ఉంటుంది."

*

మూడు గంటలకు జడ్జి ముందుకు ఎవరూ వెళ్ళలేదు. ఇర్మా తనే లాకప్ తాళం తీసింది. మిర్యానా భర్త మెడ పట్టుకుని ఏడుస్తూనే అతని భుజం మీద దబదబా కొట్టింది. "రాళ్ళు విసురుతావా? ఇంకెప్పుడన్నా విసురుతావా?"

డ్రాగన్ బల్ల మీది పెంకు చూసి ఆగాడు. వేలితో ముట్టుకోబోయి, ఇర్మా ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మంచి పోత. అక్షరాల్లో ఒక్క బుడగ లేదు. ఎవరీ రోజెనావ్?"

ఇర్మా చెప్పింది. గోట్‌లోబ్ సంగతీ చెప్పింది. డ్రాగన్ నిలబడే విన్నాడు. పక్క గదిలో ఫోన్ అదేపనిగా మోగుతోంది. కంపెనీ వాళ్ళో, ప్రాసిక్యూటరో.

"ఇది తెలిస్తే కొరియా వాళ్ళు రారుగా?"

"రాకపోవచ్చు."

"మా తమ్ముడు ఇంకా అసెంబ్లీలోనే ఉన్నాడు మేడమ్. వాడికి ఇద్దరు పిల్లలు." డ్రాగన్ ఇర్మా వైపు తిరిగాడు. "నన్నే లోపలుంచేసి ఉంటే ఫ్యాక్టరీ నిలబడేదేమో, కదా?"

"నిలబడేదేమో."

"మరి ఎందుకు వదిలారు?"

ఇర్మా పెంకును మళ్ళీ బట్టలో చుట్టింది.

"ఈ ఊళ్ళో ఒకసారి అలాగే చేశాం డ్రాగన్. ఒక మనిషిని పంపేసి ఫ్యాక్టరీని ఉంచుకున్నాం. పద, మీ ఆవిడ పొద్దున్నుంచీ నిలబడే ఉంది. ఇంటికి తీసుకెళ్ళు."

వాళ్ళు వెళ్ళిపోయారు. ఇర్మా రిపోర్ట్ ముందేసుకుని కూర్చుంది. మొదటి వరుసలో అలోయిస్ బాడర్ పేరు రాసింది. రెండో వరుసలో యాకోబ్ రోజెనావ్ పేరు రాసింది. అప్పుడు లేచి, పక్క గదిలోకి పోయి, ఇంకా మోగుతున్న ఫోన్ ఎత్తింది.